ప్రమాణబద్ధమగు యుద్ధశకటపు నమూనాయును పితృసన్మానమును

(బీర్కూరునందు మన విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభలోఁ జేసిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు మాకంటెఁ బెద్దలు నిన్నటినుండియు మాటలాడుచున్నారు. మేము మిక్కిలి చిన్న వస్తువును గూర్చి విన్నవింప నెంచితిమి. అది మూరెడు పొడవు గల యొక కొయ్యనమూనా. సైన్యమునఁ బనిచేసి యింటికి వచ్చిన తండ్రికి గౌరవార్థముగా బిడ్డలు కట్టు యుద్ధశకటము. లోకులు దానిని ట్యాంకు అందురు. ఇంత సభలో బొమ్మలమాట యేల యని యెవ్వరైనఁ దలంపవచ్చును. వడ్లవారికిని, కమ్మరులకును, కంచరులకును, అవుసులవారికిని, శిల్పులకును బుట్టినిల్లగు నీ సభలోఁ గాక యిట్టి ప్రసంగమును మఱెచ్చటఁ జేయుదుము?

ముందుగా నా పేరు సంగతి. మంజీరాతీరమున, నిజాంసాగరపు కాలువల నీటితో బ్రదుకు మనకు ట్యాంకు అనఁగానే నీటితొట్టియో చెఱువో స్ఫురించును. అది న్యాయమే. పశ్చిమభారతమున గుజరాతీ మరాఠీ భాషలలో నీటికుండమునకుఁ గల టాంకీ, టాంకే అను మాటలనుండి బుడతకీచుల ద్వారమున నీ శబ్దము వ్యాపించిన దని నిఘంటుకారులు పలువురు చెప్పుదురు. మన తటాక తడాగ శబ్దములతో దానికిఁ జుట్టఱికము గల దని కొందఱి మతము. 1915 సంవత్సరాంతమున ఇంగ్లండుదేశపు లింకన్ పట్టణమున ఆ యినుపబండిని రహస్యముగాఁ గట్టుచు, అడిగినవారికి నీటితొట్లు చేయుచున్నా మని చెప్పుటకు వీలుగా నా పేరు పెట్టిరి. మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 15వ తేదిని ఫ్రాన్సునందు సొమ్ నదీప్రాంతమున ఫ్లెర్స్, కోర్సెలెట్ గ్రామములయొద్ద అది మొదటిసారి యుద్ధమునఁ బ్రవేశించెను.

దానికి రెండుమాసములు ముందు, 1916 జూలై 14వ తేదిని, ఆ ప్రాంతముననే హైవుడ్ అను వనముచెంత మన దక్కన్ హార్సు అశ్వదళము బల్లెములు పట్టి గుఱ్ఱములపై శత్రువును దాఁకెను. 1790లో నిజాముకొలువునఁ బుట్టిన దళమది. ఆ దళమే తరువాత గుఱ్ఱములను విడిచి ట్యాంకు లెక్కి, 1945లో బర్మాయందు మెయిక్‌తీలాయొద్దను, 1965 సెప్టెంబరునఁ బంజాబునందు అసల్ ఉత్తర్ గ్రామమునొద్దను బోరాడెను. ఇఁక హైదరాబాదు సంస్థానపు సామాన్యజనులలోఁ బలువురు ట్యాంకును మొదట కన్నులారఁ జూచినది 1948లో. ఆ సంవత్సరము సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన చర్యలో భారతసైన్యము షోలాపురమునుండి నల్దుర్గము, హుమ్నాబాదు, జహీరాబాదు మార్గమున ట్యాంకులతో వచ్చెను. గావున నీ యంత్రము మనకుఁ గేవలము పరదేశపు వింత కాదు. దాని పేరు మన నీటికుండమునుండి పోయినది. మన నేలపైఁ దిరిగినది. మన బిడ్డలు దానిలోఁ గూర్చుండి యుద్ధము చేసిరి, దాని క్రిందఁ బరుండి మరమ్మతు చేసిరి.

ఇపుడు ప్రస్తుతాంశము. సంస్కృతమున మానము, ప్రమాణము, ప్రతిమ, ప్రతిమానము అను మాటలన్నియుఁ గొలుచుట యను నర్థము గల మా ధాతువునుండి పుట్టినవి. ప్రతిమ యనఁగా నొకదానికి సరిగాఁ గొలిచి చేసినది. ప్రమాణమను మాట యంతటితో నాఁగదు. తార్కికులు దానిని యథార్థజ్ఞానమునకు సాధన మను నర్థమున వాడుదురు. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు నాలుగు ప్రమాణములను లెక్కించిరి. తెలుఁగువారమగు మనము దానికి మఱియొక యర్థమును జేర్చుకొంటిమి. ప్రమాణము చేసి చెప్పు మన్నప్పుడు అది యొట్టు. కొలత, సాక్ష్యము, ఒట్టు. ఈ మూఁడును గలిగిన నమూనాయే తండ్రికి గౌరవ మని మా మనవి. ఈ మూఁటిని వరుసగా వివరింతుము.

మొదట కొలత. ఏ శకటమును గట్టవలయు ననఁగా, తండ్రి పనిచేసిన శకటమునే కట్టవలయును. 1971 యుద్ధమునాఁడు మన సైన్యమునఁ బలుజాతుల ట్యాంకు లుండెను. ఇంగ్లండునుండి వచ్చిన సెంచూరియన్, మద్రాసుచెంత ఆవడిలోఁ దయారైన విజయంత, రష్యాదేశపు టి-54, టి-55, నీటిపైఁ దేలిపోఁగల పి.టి.-76 అను తేలికబండి. అలవాటు లేని కంటికి అన్నియు నొక్కటిగాఁ గనఁబడును. సెంచూరియన్‌కు ఒక్కొక్క ప్రక్క ఆఱు చక్రములు; టి-55కు అయిదు. ఒక్క చక్ర మెక్కువైనచో నది తండ్రి యెఱిఁగిన బండి కాదు, వేఱొకరి బండి.

టి-55నే యుదాహరణముగాఁ దీసికొందము. ముందుకుఁ జాఁచిన ఫిరంగిగొట్టముతోఁ గలిసి దాని పొడవు 9 మీటర్లు, వెడల్పు 3.27 మీటర్లు, ఎత్తు 2.40 మీటర్లు, బరువు 36 టన్నులు, గొట్టపు రంధ్రము 100 మిల్లీమీటర్లు. దీనిని ఇరువదవపాలుగాఁ గట్టినచోఁ బొడవు 45 సెంటీమీటర్లగును. మన పెద్దలు మూర యన్న దంతియే. వెడల్పు 16 సెంటీమీటర్లకుఁ గొంచె మెక్కువ. ఎత్తు 12 సెంటీమీటర్లు. ఫిరంగిరంధ్రము 5 మిల్లీమీటర్లు. నేలపై దొరలు చక్రముల వ్యాసము 81 సెంటీమీటర్లు గావున నమూనాలో 4 సెంటీమీటర్లు. చక్రములను జుట్టుకొని తిరుగు ఇనుపపట్టా వెడల్పు 58 సెంటీమీటర్లు గావున ఇచట 29 మిల్లీమీటర్లు. దాని ప్రక్క నిలుచు మనుష్యుఁడు 170 సెంటీమీటర్లవాఁ డైనచో బొమ్మ యెనిమిదిన్నర సెంటీమీటర్లు. మన శిల్పశాస్త్రపు నవతాళమానమున మొగము మొత్తము పొడవునఁ దొమ్మిదవపాలు. అనఁగా సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. దేవతామూర్తులకుఁ గొలిచిన చేతులతోనే సిపాయిని గొలువవచ్చును. శాస్త్రమున కందు లోపము లేదు. సమరాంగణసూత్రధార మను పేరుతో శిల్పగ్రంథము వ్రాయించుకొన్న భోజరాజు కాలముననే యంత్రములను గూర్చిన యధ్యాయ మొకటి మన శాస్త్రమునఁ జేరియున్నది.

పిల్లలకు లెక్క నేర్పుట కిది మంచి సాధనము. పొడవు ఇరువదవపాలైనప్పుడు పైతలము నన్నూఱవపా లగును. ఘనము ఎనిమిదివేలవపా లగును. ముప్పదియాఱు టన్నుల బండిని అదే లోహముతో, అదే మందముల నిష్పత్తితోఁ గట్టినచో నాలుగున్నర కిలోగ్రాములు తూఁగును. ఘనమానమును నల్లబల్లపైఁ బదిసార్లు చెప్పినఁ బట్టుపడనిది, ఈ నమూనాను రెండుచేతుల నెత్తి చూపిన నొక్కసారికే పట్టుపడును.

ఇరువదవపాలే యేల యని యడుగవచ్చును. లోకమున విరివిగా దొరకు ట్యాంకుబొమ్మలు ముప్పదియైదవపాలు. జపానుదేశపు టామియా కంపెనీవారు 1960ల యారంభమునఁ దమ మొదటి ట్యాంకుబొమ్మలో బ్యాటరీలకుఁ జోటు చాలునట్లు చేయఁగా నా కొలత కుదిరినది; పిమ్మట నందఱు దానినే యనుసరించిరి. గావున మానమున మహిమ యేమియు లేదు. ఒకసారి యెంచుకొన్న మానమును దుదివఱకు దప్పకుండుటయే ధర్మము. చక్రమున కొకటియు, గొట్టమున కొకటియు మానము వాడితిమేని అది వికటరూపమే యగును.

పని విభాగమును జూడుఁడు. మన యయిదు వృత్తులకును దీనిలోఁ జోటున్నది. ఒడలును, పైనున్న గుండ్రని బురుజును వడ్లవారి పని. గోదావరి కావలి నిర్మల్ పట్టణపు బొమ్మలవా రెఱిఁగిన పొణికికొయ్య దీనికిఁ దగినది. తేలికైనది, ఉలికి లొంగునది, చింతగింజల జిగురును బొట్టును గలిపి నింపిన నతుకు కనఁబడదు. చక్రములకుఁ బొణికి పనికిరాదు, టేకును దరిమెనపట్టవలయును. లాగుడుకొంకులు, తీఁగెలమోకులు కమ్మరుల పని. ఫిరంగిగొట్టమునకుఁ గంచరులు ఇత్తడిగొట్టమును సాగఁదీయుదురు. పట్టాలోని బిళ్లలు ఒక్కొక్క ప్రక్క దాదాపు తొంబది. ఒక్క బిళ్లకు మైనపు మూస కట్టినచో మిగిలినవన్నియుఁ బోఁతపోయవచ్చును. దీపములు, గొళ్లెములు, మూతల కీలు లవుసులవారి సన్నపు పట్టకారునకే లొంగును. మనుష్యుల బొమ్మలు శిల్పులవి. నేఁడు కొలిమి చల్లాఱిన యిండ్లెన్నియో మన గ్రామములలో నున్నవి. యువకులు పనిముట్ల పేర్లు మఱచుచున్నారు. ఒక్క నమూనా యందఱికిని జీవనము గల్పింప దని మే మెఱుఁగుదుము. అయినను బాడిస యన నేమో, వెలిగార మన నేమో యొక్క పిల్లవానికిఁ దెలిసిన నంతమేరకు విద్య నిలిచినట్లే.

కొన్ని సూక్ష్మములు చెప్పి ముందుకు సాగెదము. టి-55లో నడుపువాఁడు ముందుభాగమున నెడమప్రక్కఁ గూర్చుండును. బురుజులో గుఱిచూచువాఁడును, దళపతియు నెడమవైపు. గుండు నింపువాఁడు కుడివైపు. వెరసి నలుగురు. ఇంజను వెనుకభాగమున నడ్డముగా నమర్పఁబడియుండును. పొగగొట్టము ఎడమ ఱెక్కపై నుండును. పట్టాను లాగు పండ్లచక్రము వెనుకనుండును. పై పట్టాను మోయుటకు వేఱు చిన్నచక్రములు లేవు గావున నది దొరలు చక్రములపైననే కొంచెము వ్రేలాడుచుఁ బోవును. బిగఁదీసి కట్టిన నబద్ధ మగును. రంగు మెఱయరాదు. మెఱయు బండి శత్రువుకంటఁ బడును. వార్నిషు పూసిన నమూనాను జూచి పాతసిపాయి నవ్వును.

ఇఁక రెండవదగు సాక్ష్యము. కొలతలు పుస్తకములలో దొరకును. తండ్రి యేమి చేసెనో యే పుస్తకమునను దొరకదు. దీనికి మా ప్రాంతమున జరిగినదానినే చెప్పెదము. ఆ పెద్దమనిషి యీ సభలోనే కూర్చున్నారు. పేరు చెప్పవలదని వారి యాజ్ఞ గావునఁ జెప్పము.

వారు మన కులస్థులు, కొలిమిలోఁ బెరిగినవారు. యౌవనమున సైన్యమునఁ జేరి, పదునైదేండ్లు పనిచేసి, తిరిగివచ్చి పొలము మోటార్లను, ట్రాక్టర్లను బాగుచేయుచు బిడ్డలను బెంచిరి. వారికి ఇరువురు కొమాళ్లు, ఒక కొమార్తె. కొమాళ్లు సంపాదనాపరులై, తండ్రిపేర ఊరిమొగమున సిమెంటుతో నిలువెత్తు ట్యాంకు కట్టింప నిశ్చయించి, దానిపైఁ జెక్కుటకు సంస్కృతశ్లోకము వ్రాసి యి మ్మని మాయొద్దకు వచ్చిరి. వారి భక్తి చూచి మాకు సంతోషమైనది. శ్లోకము వ్రాయుటకుముందు, మీ తండ్రిగారు ట్యాంకులో నేమి పని చేసి రని యడిగితిమి. అన్నదమ్ము లొకరి మొగ మొకరు చూచుకొనిరి. ‘ట్యాంకులనే ఉండె గద సారూ’ అని పెద్దవాఁ డనెను. అంతకుమించి వారికిఁ దెలియదు. తండ్రి చెప్పలేదు, బిడ్డ లడుగలేదు.

సిమెంటుపని నాఁపి, మొదట మూరెడు నమూనా కట్టుఁ డని మేము చెప్పితిమి. లెక్కలు చదివిన కొమార్తె కాగితముపైఁ బటము గీసి తండ్రికిఁ జూపెను. ఆయన కన్నద్దములు సవరించుకొని చాలసేపు చూచి, ‘బిడ్డా, గాన్లన్నీ ఒక్క తీరుగ పెట్టినవు. మొదటి గానుకు రెండో గానుకు నడుమ సందు ఎక్కువుంటది. ఆ సందు లేకుంటె అది మా బండి కాదు’ అనిరి. అది యక్షరాల నిజము. టి-55ను దూరమునుండి గుర్తించుట కా యెడమే మొదటి చిహ్నము. ఏఁబదియేండ్లకుఁ బైఁబడియు నా యెడము వారి కన్నులలోఁ జెదరలేదు. ఆ దినమునుండి ప్రతిసాయంకాలము నొక్కొక్క భాగమునకు వారి యనుమతి కావలసివచ్చెను. ఒక్కొక్క భాగముతో నొక్కొక్క మాట బయటఁబడెను.

వారు ట్యాంకు నడుపలేదు, ఫిరంగి పేల్చలేదు. మరమ్మతుదళమున ఇంజనుపని చేసిరి. తుపాకి పట్టనివాఁడు సిపాయి యెట్లగు నని యూరిలోఁ గొంద ఱాడిన మాట వారి చెవినిఁ బడియుండెను. అందుచే నింటనుగూడ నోరు మెదపలేదు. నమూనా పూర్తికావచ్చినప్పుడు కొమాళ్లు వెనుక ఇంజనుమూతను బిగింపఁబోఁగా వారు వారించి, ‘మూత తీసి పెట్టుండ్రి. మూత వేసిన బండిని నేనెప్పుడు చూసిన? నా కాడికి వచ్చినవన్నీ మూత తీసినవే’ అనిరి.

సోదరులారా! ఈ మాట వినిన తరువాత మాకు శ్లోకము వ్రాయ బుద్ధి పుట్టలేదు. ఆ బండి నెవ్వరైనను మూత వేసి, ఫిరంగి నెత్తి, జెండా గట్టి చూపఁగలరు. మూత తీసి చూపుటకు ఆ తండ్రి కావలెను. పిమ్మట మనుష్యుని బొమ్మ. పానా చేతఁబట్టి యింజనుపై వంగినవానిని శిల్పి చేసి తెచ్చెను. వారు దానిని జూచి, ‘ఇంకొకర్ని పెట్టుండ్రి. ఒక్కని చేత కాదది’ అనిరి. చీఁకటిరాత్రి వెలుతురు పైకి రాకుండ దుప్పటిక్రింద దీపము పట్టిన మలయాళపు మిత్రుఁ డొకఁడు కలఁడఁట. ఆ పేరు నా యిల్లాలుగూడ నంతకుమున్ను విని యుండలేదు. ఇప్పుడు నమూనాలో నిద్దఱున్నారు. ఒకనిచేత పానా, ఒకనిచేత దీపము.

సైన్యములో నీ పనిచేయు దళమునకు ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ అని పేరు, క్లుప్తముగా ఇ.ఎం.ఇ. అందురు. 1943లో నేర్పడినది, అక్టోబరు 15 దాని దినము. దాని కళాశాలయు, శిక్షణకేంద్రమును మన సికింద్రాబాదుననే యున్నవి. కర్మ హి ధర్మ యనునది దాని ధ్యేయవాక్యము. పదాతిదళమున సిపాయి యనఁబడువానిని ఈ దళమున క్రాఫ్ట్స్‌మన్ అందురు. ఆ మాటకు మన భాషలో నర్థ మేమి? శిల్పి. ప్రభుత్వము మన బిడ్డకు బిరుదుగా నిచ్చినది మన కులవృత్తి పేరే. ఇది తెలిసినవారు తుపాకి పట్టలేదను మాట యాడరు.

ఈ పని యెంతటిదో యుద్ధచరిత్ర చెప్పును. అసల్ ఉత్తర్‌లో 1965 సెప్టెంబరు 8 మొదలు 10 వఱకు మనవారు బహుసంఖ్యాకములగు ప్యాటన్ ట్యాంకులను బడఁగొట్టిరి. ఆ నెలలోనే సియాల్‌కోటు రంగమునఁ బూనా హార్సు దళపతి లెఫ్టినెంట్ కర్నల్ అర్దెషీర్ తారాపోర్ ఫిల్లోరాయొద్ద గాయపడియు వెనుకకుఁ బోక, 16వ తేదిని వీరస్వర్గ మలంకరించి పరమవీరచక్రమును బొందిరి. వారు మొదట హైదరాబాదు సంస్థానపు సైన్యమున లాన్సర్స్ దళమునఁ బనిచేసినవారు. ఆ రంగముననే 16 లైట్ క్యావల్రీ యను దక్షిణాదివారి దళమును బోరాడెను. 1971 డిసెంబరు 16న ఆ పూనా హార్సునకే చెందిన యిరువదియొక్కయేండ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ బసంతర్ నదియొద్ద ఫామగుస్తా యను తన సెంచూరియన్‌లో నుండియే ప్రాణములు విడిచి పరమవీరచక్రధారి యయ్యెను. ఈ వీరులకు మనము చేతులు మోడ్తుము. వారితోపాటు తలంపఁదగిన మాట యొకటి కలదు. ముప్పదియాఱు టన్నుల బండి తనంతఁ దాను నడవదు. పట్టా తెగును, ఇంజను వేఁడెక్కును, గేరు పట్టుకొనును. పగ లాఁగిపోయిన బండిని రాత్రి లాగి తెచ్చి తెల్లవాఱుసరికి నిలిపినవాఁడు లేనిచో మఱునాఁడు దళపతికి వాహనము లేదు. బిరుదుల పట్టికలో వాని పేరు సామాన్యముగా నుండదు. వాని బిడ్డలు చేయు నమూనాలో నుండవలయును.

ఈ ప్రయత్నముపై మూఁడాక్షేపములు వింటిమి. ట్యాంకు సంహారయంత్రము గదా, దానిని బూజామందిరము ప్రక్కఁ బెట్టుట తగునా యని యొకటి. తగదు, పెట్టవలదు. యంత్రమునకుఁ బూజ చేయు మని మేము చెప్పుట లేదు. అది పఠనాలయమున నుండవలసినది. దానిని జూచిన పిల్లవాఁడు యుద్ధ మెంత బరువో, ఎంత వేఁడో, ఎంత యిఱుకో గ్రహింపవలయును. నలుగురు కూర్చున్న యా బురుజులోని చోటును గొలిచి చూపిన యుద్ధోత్సాహము తనంతఁ దానే తగ్గును.

పెద్దదిగాఁ గట్టిన నూరికిఁ గీర్తి గదా యని రెండవది. పెద్దదానిని జనులు దారిపోవుచుఁ జూతురు. చిన్నదానియొద్దకు వంగి చూతురు. వానకు సిమెంటు బీటలువాఱును; దాని చుట్టును దుకాణము లేచును; పదియేండ్లకు దానిపైఁ బ్రకటనకాగితము లంటును. నిలువెత్తు యంత్రమునే చూడఁగోరువారు అహమదునగరమునకుఁ బోవచ్చును. నేఁ డా పట్టణమునకు అహల్యానగర మని పేరు. అచట 1994లో నెలకొల్పిన ట్యాంకుల ప్రదర్శనశాలలో అనేకదేశముల నిజమైన శకటము లున్నవి. మనకుఁ జేరువనే, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారమున 1984లో నారంభమైన కర్మాగారమున శరత్ అను సాయుధశకటములు తయారగుచున్నవి. నిజమైనవి యింత దగ్గఱ నుండఁగా సిమెంటు అనుకరణ మేల?

అంగడిలో నమూనాపెట్టె దొరకును గదా, కొని యతికించిన సరిపోదా యని మూఁడవది. కొనవచ్చును; కొలతలు సరిచూచుకొనుట కది చాల నుపయోగపడును. దానిలోని వివరము మన యులికంటెఁ దీక్ష్ణముగనే యుండును. కాని యా పెట్టెలో తండ్రి లేఁడు. దానిని గొనియు, తండ్రిని బ్రక్కఁ గూర్చుండఁబెట్టుకొని, ఆయన చెప్పిన మార్పులు చేసినచో మాకు నభ్యంతరము లేదు. మా పట్టుదల కొయ్యమీఁదఁ గాదు, ఆ సాయంకాలముల మీఁద.

మూఁడవ ప్రమాణము ఒట్టు. శ్రద్ధతోఁ జేయునది గావున శ్రాద్ధ మని పెద్దలు చెప్పుదురు. ఆ శ్రద్ధను దండ్రి బ్రదికియుండఁగానే చూపిన నేమి దోషము? 1971లో నిరువదియేండ్లవాఁడు నేఁడు డెబ్బది దాఁటినవాఁడు. 1965నాఁటివారు ఎనుబదికిఁ జేరిరి, దాఁటిరి. సంవత్సరమున కొకసారి కలియు నీ సభలో ప్రతిసారియు నొకటి రెండు కుర్చీలు ఖాళీ యగుచున్నవి. ఛాయాచిత్రము మిగులును, పతకము మిగులును. మొదటి గానుకును రెండవ గానుకును నడిమి సందు చెప్పువాఁ డుండఁడు. కావున నీ క్రింది యంశములను సభవారు ప్రతిజ్ఞగా స్వీకరింపవలయు నని ప్రార్థించుచున్నాము.

ఒకటి: బీర్కూరు, బాన్సువాడ ప్రాంతములలోని మన కులపు మాజీసైనికులందఱి పట్టికను, వారియొద్ద నున్న డిశ్చార్జి పుస్తకమును బట్టి, ఈ యేఁడే వ్రాయింపవలయును. యుద్ధము చేసినవారు, వంట చేసినవారు, బండి బాగుచేసినవారు అను తారతమ్యము పట్టికలో నుండరాదు. తెలియని సంగతులకు జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమువారి సాయము కోరవలయును.

రెండు: ప్రతి మాజీసైనికుని యింట బిడ్డలో మనుమలో కూర్చుండి వారి మాటలను వారి మాటలుగనే వ్రాసికొనవలయును. శత్రువు నెందఱిని జంపితి వని యడుగరాదు. నీ పని యేమి, నీ ప్రక్క నెవరుండి, రేమి తింటివి, ఏది చెడిపోయిన నెట్లు బాగుచేసితివి అని యడుగవలయును. చెప్పఁగూడ దన్నదానిని జెప్పు మని బలవంతము చేయరాదు. నేఁడును సైన్యము వాడుచున్న యంత్రముల లోపలి వివరములను నమూనాలోఁ జూపరాదు.

మూఁడు: సంవత్సరమున కొక్క నమూనా యైనను మన యయిదు వృత్తులవారును గలిసి కట్టవలయును. ఒక్కొక్క పనివానియొద్ద నొక్క బాలునో బాలికనో శిష్యులుగా నుంచవలయును. ట్యాంకే కానక్కఱలేదు. తండ్రి తంతిపని చేసినచో తంతిపెట్టె, వంటవాఁడైనచోఁ బొయ్యిబండి, తల్లి సైనిక వైద్యశాలలో దాదిగాఁ బనిచేసినచో నామె పెట్టె. మానము మాత్రము తప్పరాదు.

నాలుగు: నమూనాలను పఠనాలయమున నద్దపుపెట్టెలో నుంచి, సాయుధదళముల పతాకదినముగా 1949 నుండి జరుగుచున్న డిసెంబరు 7వ తేదిని బాఠశాలల పిల్లలకుఁ జూపవలయును. చూపువాఁడు ఆ మాజీసైనికుఁడే కావలెను.

పోషకమహాశయులకు నొక్క మాట. మేము చెప్పిన యింటివారు సిమెంటునకై దాఁచిన ధనములోఁ గొంత యద్దపుపెట్టెకు వెచ్చించి, మిగిలినదానితోఁ బారిశ్రామికశిక్షణకుఁ బోవు మన కులపు పిల్లలకుఁ బనిముట్లు కొనియిచ్చిరి. ఆ పనిముట్లపైఁ దమ పేరు చెక్కింపలేదు. తోరణములకును, శిలాఫలకములకును ధన మిచ్చు చేయి కొంచె మిటువైపు దిరిగిన వసతిగృహమునఁ జదువు పిల్లవాని చేతి కుపకరణము వచ్చును.

ఆ నమూనాక్రింద నేమి వ్రాసి రని కొందఱడిగిరి. మా శ్లోకము లేదు. శకటపు పేరు, మానము ఇరువదింట నొకటి, తండ్రి సైనికసంఖ్య, పదవి క్రాఫ్ట్స్‌మన్, పిదప హవల్దారు, పనిచేసిన సంవత్సరములు, కట్టినవారి పేర్లు. ఇంతియే. ఆ చిన్న యిత్తడిరేకును బాలురు చదివి, క్రాఫ్ట్స్‌మన్ అనఁగా నేమి యని యడుగుచున్నారు. చెప్పుట మన వంతు.

 శ్రీ విశ్వకర్మ భగవానుఁడు మన చేతులకు నేర్పును, మన నాలుకలకు సత్యమును, మన వృద్ధసైనికుల కాయురారోగ్యములను బ్రసాదించుఁ గాక.